ఘనం, చులకన: రాజు గంతులేసిన రోజు

యెరూషలేములో ఒక కిటికీ. అందులోంచి ఒక స్త్రీ వీధిలోకి చూస్తోంది. కింద బూర మోగుతోంది, జనం కేకలు పెడుతున్నారు. దేవుడి సన్నిధికి గుర్తైన మందసం అనే పవిత్రమైన పెట్టెను ఊళ్లోకి తెస్తున్నారు. ఆ ఊరేగింపులో ఆమె భర్త ఉన్నాడు. దేశానికి రాజు. ఒంటిమీద యాజకులు కట్టే నార ఏఫోదు కట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి గంతులేస్తున్నాడు. ఆమె అతన్ని చూసి మనసులోనే హీనంగా అనుకుంది. రెండో సమూయేలు గ్రంథం 6వ అధ్యాయంలోని ఈ దృశ్యం క్రీస్తుపూర్వం సుమారు 1000 నాటిదని సంప్రదాయ లెక్క.

ప్రసంగాల్లో ఈ కథకు సాధారణంగా ఒకటే తీర్పు వినిపిస్తుంది: రాజు దావీదు భక్తుడు, అతని భార్య మీకాలు గర్విష్ఠి. చప్పట్లు, నాట్యం ఉండే ఆరాధనను సమర్థించేవాళ్లు దావీదును సాక్ష్యానికి పిలుస్తారు. నిశ్శబ్దంగా కూర్చుని మొక్కేవాళ్లను ‘మీకాలు’ అని దెప్పడమూ ఉంది. కానీ మూలగ్రంథం విషయాన్ని ఇంత సులువుగా తేల్చలేదు. ఆనందం గొప్పదా, మర్యాద గొప్పదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. మనిషికి బరువు ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని తూచేది ఎవరు అన్నదే అక్కడి గొడవ.

‘బరువు’ అనడం అలంకారం కోసం కాదు. హెబ్రీలో గౌరవానికి మాట ‘కావోద్’. దాని ధాతువుకు అసలు అర్థం బరువుగా ఉండటం. అవమానానికి వాడే ‘కలల్’ ధాతువుకు అర్థం తేలికగా ఉండటం. ఇది తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గురు అంటే బరువైనది, గౌరవం దాన్నుంచే వచ్చింది. ఛందస్సులో గురువు, లఘువు గుర్తున్నవాళ్లకు ఇది తెలిసిందే. ‘ఘనం’ అంటే గట్టిగా, బరువుగా ఉన్నదీ అవుతుంది, గొప్పతనమూ అవుతుంది. తేలికైపోయినవాడు మనకీ చులకనే. ఈ కథలోని మాటల ఆట తెలుగులో దాదాపు చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

ఇంటికొచ్చిన భర్తతో మీకాలు అన్న మొదటి మాటే ‘కావోద్’ ధాతువు మీద నడుస్తుంది. నేటి తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: “ఇవాళ ఇశ్రాయేలు రాజుగారు ఎంత ఘనంగా కనిపించారో! పనికిమాలినవాడెవడో బట్టలు విప్పుకున్నట్టు, తన సేవకుల దాసీల కళ్లముందు విప్పుకున్నారుగా!” మన ఇళ్లల్లో “ఏం ఘనకార్యం చేసొచ్చావో” అన్నప్పుడు పలికే ఎత్తిపొడుపే ఇది. ఎదురుగా ఉన్న మనిషిని ‘నువ్వు’ అనకుండా ‘ఇశ్రాయేలు రాజు’ అని పక్కనుంచి పొడవడంలో రాజు కూతురి పెంపకం తెలుస్తుంది.

మందసానికీ ఈ మాటకీ పాత సంబంధం ఉంది. మొదటి సమూయేలు 4వ అధ్యాయంలో ఇశ్రాయేలు శత్రువులైన ఫిలిష్తీయులు మందసాన్ని పట్టుకుపోతారు. ఆ కబురు వినగానే యాజకుడు ఏలీ పీఠం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చచ్చిపోతాడు. ఎందుకంటే అతను ముసలివాడు, ‘బరువైనవాడు’ అంటుంది గ్రంథం. అదే ధాతువు. నిండు గర్భిణి అయిన ఏలీ కోడలు ప్రసవించి, చనిపోతూ బిడ్డకు ఈకాబోదు అని పేరు పెడుతుంది. ఆమె చివరి మాట: ఇశ్రాయేలునుంచి కావోద్ వెళ్లిపోయింది. ‘వెళ్లిపోయింది’ అన్నచోట వాడిన క్రియ ‘గాలా’. ఇప్పుడు మీకాలు మాటల్లో ‘విప్పుకోవడం’ ఒకే వచనంలో మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ అవే అక్షరాలు: గ, ల, హ. మందసం పోయిన రోజున ఒక స్త్రీ నోట కావోద్, గాలా పక్కపక్కన వచ్చాయి. అది తిరిగొచ్చిన రోజున మరో స్త్రీ నోట అవే రెండూ వచ్చాయి, ఈసారి వెటకారంగా. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

ఏలీ ఇంటివాళ్లకు ముందే ఒక హెచ్చరిక వచ్చి ఉంది. మొదటి సమూయేలు 2:30లో దేవుడంటాడు: నన్ను ఘనపరిచేవాళ్లను ఘనపరుస్తాను, నన్ను తృణీకరించేవాళ్లు చులకనవుతారు. మూడు క్రియలు: ఘనపరచడం, తృణీకరించడం, చులకనవడం. ఆ మూడూ రెండో సమూయేలు 6లో మళ్లీ దిగుతాయి. మీకాలు తృణీకరించింది. దావీదు ‘ఇంతకంటే ఎక్కువ చులకనవుతాను’ అన్నాడు. ‘నువ్వు చెప్పిన ఆ దాసీల దగ్గరే ఘనత పొందుతాను’ అనీ అన్నాడు. ఏలీ ఇంటిమీద తీర్పుగా వచ్చిన మాటను దావీదు ఏరికోరి తన నెత్తిన వేసుకుంటున్నాడు.

అయితే ఇతను గంతులేయకముందు ఒక శవం లేచింది. దాన్ని దాటేసి నాట్యం గురించి మాట్లాడితే కథ సగమే చెప్పినట్టు. మొదటిసారి మందసాన్ని తేవడానికి దావీదు 30,000 మందితో వెళ్లాడు. కొత్త బండి కట్టారు. తంతి వాద్యాలు, తంబురలు, తాళాలు అన్నీ ఉన్నాయి. దావీదూ జనమూ దేవుడి ముందు ఆడుతూ పాడుతూ వస్తున్నారు. నాకోను కళ్లం దగ్గర ఎద్దులు తడబడ్డాయి. బండి పక్కన నడుస్తున్న ఉజ్జా మందసం పడిపోకుండా చెయ్యి వేశాడు. అక్కడికక్కడే చనిపోయాడు. దావీదుకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. మందసాన్ని తన ఊరికి తెచ్చుకోకుండా గిత్తీయుడైన ఓబేదెదోము ఇంట్లో దింపేశాడు. మూడు నెలలు అక్కడే ఉంది.

రెండో ప్రయాణం ఆ భయం నుంచే మొదలైంది. ఈసారి బండి లేదు, మోసేవాళ్లున్నారు. ఆరడుగులు వేశారు, ఆగారు, ఎద్దునూ కొవ్విన దూడనూ బలి ఇచ్చారు. ఆ తర్వాతే నాట్యం. కాబట్టి దావీదు గంతులను హద్దులు తెలియని ఉత్సాహం అనుకోవడానికి వీల్లేదు. ముందడుగు వేస్తే ఏమవుతుందోనని వణికిన మనిషి, ఆరడుగులు వేసి ఇంకా బతికే ఉన్నామని తెలుసుకున్నాక వేసిన గంతులు అవి. కిటికీ దగ్గరున్న మనిషికి ఇది కనిపించే అవకాశం లేదు. ఆమెకు కనిపించింది ఊరేగింపు చివరి మలుపు మాత్రమే.

ఇంతకీ అతను ఏం కట్టుకున్నాడు? నార ఏఫోదు యాజకుల బట్ట. ప్రవక్త సమూయేలు పిల్లవాడిగా గుడిలో అదే కట్టుకున్నాడు. నోబు ఊళ్లో, దావీదుకు ముందు రాజు, మీకాలు తండ్రి అయిన సౌలు చంపించిన 85 మంది యాజకులు కట్టుకున్నదీ అదే. అది ఎంత పొడవుండేదో, దాని కింద ఇంకేమైనా ఉండేదో గ్రంథం చెప్పదు. కానీ ఈ విషయంలో ధర్మశాస్త్రానికి పట్టింపు లేకపోలేదు. నిర్గమకాండము 20:26 బలిపీఠానికి మెట్లు కట్టొద్దంటుంది, ఎక్కేటప్పుడు ఒళ్లు కనబడుతుందని. అదే పుస్తకం 28వ అధ్యాయం యాజకులకు నడుము నుంచి తొడల దాకా నార లాగులు కుట్టించమంటుంది. అంటే దేవుడి ముందు ఒళ్లు కప్పుకోవడం రాజకుటుంబపు నాజూకుతనం మాత్రమే కాదు, ఆరాధనా నియమం కూడా. మీకాలు అభ్యంతరం గాల్లోంచి ఊడిపడలేదు. ఆమెను దెప్పేవాళ్లు ఈ రెండు వచనాలూ చదివి దెప్పితే బాగుంటుంది.

ఇంకో మర్యాద కూడా అక్కడ తిరగబడింది. హెబ్రీ కథల్లో విజయం వచ్చినప్పుడు తంబుర పట్టుకుని నాట్యం చేస్తూ ఎదురెళ్లేది ఆడవాళ్లు. ఎర్రసముద్రం దాటాక మిర్యాము, యుద్ధం గెలిచి వచ్చిన యెఫ్తాకు అతని కూతురు, సౌలుకు ఇశ్రాయేలు స్త్రీలు అలాగే చేశారు. సౌలుకు ఎదురొచ్చిన ఆ స్త్రీలే “సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని” అని పాడి మామా అల్లుళ్ల మధ్య చిచ్చు పెట్టారు. మగవాడు, పైగా గెలిచిన రాజు, ఆడవాళ్ల వంతు పనిని తానే చేయడం అప్పటి కళ్లకు ఎలా కనిపించి ఉంటుందో ఊహించొచ్చు. మీకాలు కూడా దావీదుకు ‘ఎదురు వచ్చింది’. ఆ స్త్రీలకు వాడిన క్రియే ఇక్కడా. ఎదుర్కోలుకు వచ్చినట్టు వచ్చింది, చేతిలో తంబుర లేదు, నోట వెటకారం ఉంది.

ఆమె కోపం నాట్యం మీద మాత్రమేనా? ఈ అధ్యాయంలో ఆమెను మూడుసార్లు ‘సౌలు కుమార్తె’ అంటారు, దావీదు భార్య అని ఒక్కసారీ అనరు. వెనక చాలా జరిగింది. మీకాలు దావీదును ప్రేమించిందని మొదటి సమూయేలు 18:20 చెబుతుంది. హెబ్రీ కథనాల్లో ఒక స్త్రీ ఒక పురుషుణ్ణి ప్రేమించిందని కథకుడు సూటిగా చెప్పిన చోటు ఇదొక్కటే. దావీదు ఆమెను ప్రేమించాడని ఎక్కడా లేదు. రాజుకు అల్లుడు కావడం అతనికి నచ్చిందని ఉంది. సౌలు మనుషులు చంపడానికి వచ్చిన రాత్రి ఆమె భర్తను కిటికీలోంచి కిందికి దించి పంపేసింది. మంచంలో ఒక విగ్రహం పెట్టి, తలవైపు మేకవెంట్రుకలది అమర్చి, దుప్పటి కప్పి, ఒంట్లో బాగాలేదని వచ్చినవాళ్లకు అబద్ధం చెప్పింది. ఆ తర్వాత సౌలు ఆమెను పల్తీయేలుకు ఇచ్చి చేశాడు. ఏళ్లు గడిచాక దావీదు, సౌలు ఇంటితో రాజకీయ బేరం కుదిరేటప్పుడు, మొదటి షరతుగా ఆమెను తిరిగి పంపమన్నాడు. పల్తీయేలు బహూరీము దాకా ఏడ్చుకుంటూ వెనకాలే నడిచాడు. సౌలు సేనాధిపతిగా ఉన్న అబ్నేరు “పో” అంటే తిరిగిపోయాడు. మీకాలు ఏడ్చిందో లేదో ఎవరూ రాయలేదు.

అప్పుడొక కిటికీ, ఇప్పుడొక కిటికీ. మొదటి కిటికీలోంచి ఆమె అతని ప్రాణం కాపాడింది. రెండోదాంట్లోంచి చూస్తే అతను ఊళ్లోని ఆడవాళ్లందరి ముందు చిందులేస్తున్నాడు. పరువు గురించి ఆమె అన్న మాటల కింద వేరే లెక్కలు కూడా ఉన్నాయని అర్థం కావడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దావీదు జవాబులోనూ వినయం ఒక్కటే లేదు. అతను మొదలుపెట్టిందే ఇలా: “నీ తండ్రినీ అతని ఇంటివాళ్లందరినీ కాదని నన్ను ఎన్నుకున్న యెహోవా ముందు.” తర్వాతే చులకనవుతానంటాడు. దేవుడి ముందు తలవంచే మాటను భార్య తండ్రి మీద దెబ్బతో మొదలుపెట్టడం మామూలు వినయం కాదు. “నా కళ్లకే నేను తక్కువవాణ్ణవుతాను” అన్నచోట గ్రీకు అనువాదం ‘నీ కళ్లకు’ అని చదువుతుంది. అలా చదివితే మాటలో భక్తి తగ్గి మొగుడూపెళ్లాల పోట్లాట పెరుగుతుంది. నిజానికి రెండో పాఠమే ఆ గదిలో పలికి ఉండొచ్చనిపిస్తుంది.

ఇక్కడ మీకాలు మర్చిపోయిన, లేదా మర్చిపోవాలనుకున్న సంగతి ఒకటుంది. ఆమె తండ్రి. సౌలు రాజుగా అభిషేకం పొందిన కొత్తలో వాద్యాలతో దిగివస్తున్న ప్రవక్తల గుంపు ఎదురై, తానూ పూనకం వచ్చినట్టు ప్రవచించాడు. తెలిసినవాళ్లు విస్తుపోయి “సౌలు కూడా ప్రవక్తల్లో చేరాడా?” అన్నారు. అది సామెతైపోయింది. మళ్లీ 19వ అధ్యాయంలో, అంటే మీకాలు భర్తను కిటికీలోంచి దించిన అధ్యాయంలోనే, దావీదును పట్టుకోవడానికి వెళ్లిన సౌలు బట్టలు విప్పేసి, సమూయేలు ముందు ప్రవచిస్తూ, ఒక పగలూ ఒక రాత్రీ ఒంటిమీద నూలుపోగు లేకుండా పడి ఉన్నాడు. సామెత అక్కడా మళ్లీ వస్తుంది. బట్టలు విప్పుకున్న రాజుల లెక్క తీస్తే మొదటి పేరు ఆమె తండ్రిదే. తేడా ఒకటే: సౌలు తెలివి తప్పి విప్పాడు, దావీదు తెలిసి తగ్గాడు.

దాసీల సంగతికి వద్దాం. మీకాలు మాటల్లో ‘సేవకుల దాసీలు’ అంటే మెట్ల వరసలో అట్టడుగున ఉన్నవాళ్లు. సేవకుడే కింద, అతని దాసి ఇంకా కింద. వాళ్ల కళ్లముందు రాజు తేలికవడం ఆమెకు మింగుడుపడలేదు. కానీ ద్వితీయోపదేశకాండము 16:11 పండుగనాడు దేవుడి ముందు ఎవరెవరు సంతోషించాలో జాబితా ఇస్తుంది: నువ్వు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. దాసికి వాడిన మాట ‘ఆమా’. మీకాలు నోట వచ్చిందీ అదే. ధర్మశాస్త్రం దాసిని పండుగ పంక్తిలో కూర్చోబెడితే, మీకాలు ఆమెను తప్పుగా చూసే కళ్లుగానే లెక్కేసింది. ఆ రోజు దావీదు చేసిన చివరి పని కూడా దీనికే సరిపోతుంది. ఇంటికి పోయేముందు మగా ఆడా తేడా లేకుండా ప్రతి మనిషికీ ఒక రొట్టె, ఒక ఎండుద్రాక్ష అడ, ఇంకా ‘ఎష్పార్’ అనేదొకటి పంచాడు. ఎష్పార్ అంటే మాంసం ముక్కని కొందరు, ఖర్జూరపు అడ అని కొందరు అర్థం చెప్పారు. ఏదైనా, ఆ దాసీలు రాజు ఒళ్లు చూసి వెళ్లలేదు, రాజు పెట్టిన రొట్టె చేతపట్టుకుని వెళ్లారు.

అలాగని గుంపు ఆనందాన్నంతా గ్రంథం దీవించేయలేదు. బంగారు దూడ ముందు జనం తిని, తాగి, ‘ఆడటానికి’ లేచారని నిర్గమకాండము 32:6 అంటుంది. ఆ క్రియ, దావీదు “యెహోవా ముందు ఆడతాను” అన్న క్రియ అక్కాచెల్లెళ్లు. మోషే కొండ దిగుతూ విన్నది పాటలే, చూసింది నాట్యమే. పలకలు పగిలాయి. జనం అదుపు తప్పి శత్రువుల ముందు నవ్వులపాలయ్యారని 25వ వచనం. గంతుల్లో తేడా లేదు, ఎవరి ముందు గంతులన్నదే తేడా. దావీదు జవాబులో ‘యెహోవా ముందు’ అన్న మాట రెండుసార్లు రావడానికి కారణం ఇదే కావచ్చు: నువ్వు దాసీల కళ్లు లెక్కపెడుతున్నావు, నేను చూసుకున్నది వేరే కళ్లను.

కొన్ని శతాబ్దాల తర్వాత ఇదే కథను తిరగరాసిన దినవృత్తాంతముల రచయితకు ఈ దృశ్యం కాస్త ఇబ్బంది పెట్టినట్టుంది. మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో దావీదు ఏఫోదుతో పాటు సన్ననార అంగీ కూడా వేసుకుంటాడు, లేవీయులూ వేసుకుంటారు. సమూయేలులోని ‘మెఖర్కేర్’ అనే క్రియ, గిర్రున తిరిగే గంతు లాంటిది, ఈ రూపంలో ఆ అధ్యాయం దాటి కనబడదు. దాని బదులు అందరికీ తెలిసిన మామూలు నాట్యపు క్రియ పెట్టాడు. మీకాలు కిటికీలోంచి చూస్తుంది, హీనంగా అనుకుంటుంది. అంతే. సంభాషణ లేదు. బట్టలు విప్పాడన్న మాటే లేదు కాబట్టి అనడానికీ ఆమెకు ఏమీ మిగల్లేదు. దావీదు పరువు కాపాడే ఈ సవరణ చూస్తే, మీకాలు పక్షాన ఒక రచయిత నిశ్శబ్దంగా చేరాడనే అనాలి.

యూదుల మతగురువులైన రబ్బీలు ఆమెను ఇంకాస్త బాహాటంగా ఆదుకున్నారు. సౌలు ఇంట్లో ఎవరి మడమా, కాలి బొటనవేలూ బయటికి కనిపించేవి కావని, అంత మర్యాదగల ఇల్లని ఒక మిద్రాషు, అంటే రబ్బీల బైబిలు వ్యాఖ్యానం, చెబుతుంది; మీకాలు దావీదుతో పోల్చింది ఆ ఇంటినేనట. “మీకాలుకు చనిపోయే రోజు వరకు పిల్లలు కలగలేదు” అన్న వచనాన్ని కూడా రబ్బీల చర్చల సంపుటి తాల్మూదు ‘అంటే చనిపోయిన రోజున కలిగింది’ అని మెలిక పెట్టి చదివింది. దాన్ని శిక్ష అన్న రబ్బీలూ ఉన్నారు. కానీ మూలంలో దేవుడు శపించాడని లేదు. సౌలు, దావీదు వంశాలు కలిసే దారి మూసుకుపోయిందని మాత్రం తెలుస్తుంది. భర్త ఆ తర్వాత ఆమె గదికి వెళ్లాడా లేదా అన్నది చదివేవాళ్లకే వదిలేశారు.

12వ శతాబ్దపు పండితుడు మైమోనిదీసు మాత్రం దావీదు వైపు తిరుగులేకుండా నిలబడ్డాడు. పర్ణశాలల పండుగ నియమాలు రాస్తూ, ఇలాంటి చోట తన ఘనత చూసుకుని బిగుసుకునేవాడు పాపి, మూర్ఖుడు అన్నాడు. తనను తగ్గించుకుని, ఒంటిని తేలిక చేసుకునేవాడే గొప్పవాడు, ఘనుడు, ప్రేమతో సేవించేవాడు అన్నాడు. తగ్గడం, తేలికవడం, ఘనత: దావీదు జవాబులోని మూడు మాటలూ వరసగా దించాడు. దేవాలయం ఉన్న రోజుల్లో ఆ పండుగ రాత్రుల్లో ఆడింది మామూలు జనం కాదని కూడా చెప్పాడు. పెద్ద పండితులు, సభాధ్యక్షులు, భక్తులు ఆడేవాళ్లు, జనం వచ్చి చూసేవాళ్లు, వినేవాళ్లు. సుమారు క్రీస్తుశకం 200 నాటి యూదుల నియమ సంకలనం మిష్నా ఆ రాత్రులను వర్ణిస్తూ, ఆ వేడుక చూడనివాడు జన్మలో వేడుక చూడనట్టే అంటుంది. రబ్బాను షిమోను బెన్ గమాలియేలు ఎనిమిది కాగడాలు ఒకదాని వెంట ఒకటి గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడని తాల్మూదు కథ. పరువున్న పెద్దమనిషి కాగడాలతో గారడీ చేయడం అక్కడ ఎవరికీ తప్పనిపించలేదు.

ఆ పండుగకే ఆలయ ఆవరణలో ఒక ‘గొప్ప సవరణ’ చేసేవాళ్లు. స్త్రీల ఆవరణ చుట్టూ పైన వసారా అమర్చి, ఆడవాళ్లు పైనుంచి చూసేలా, మగవాళ్లు కింద ఉండేలా ఏర్పాటు. మొదట ఆడవాళ్లు లోపల, మగవాళ్లు బయట ఉండేవాళ్లట. తర్వాత అటుది ఇటు మార్చి చూశారు. అయినా లాభం లేక చివరికి పైనా కిందా పంచారు. కారణం తాల్మూదు ఒక్క మాటలో చెప్పింది: ‘కలూత్ రోష్’ వస్తోందని. తల తేలికవడం అని దాని అర్థం. దావీదు తనకోసం కోరుకున్న ఆ తేలికతనమే, అదే ధాతువు. దాన్ని ఆపడానికి వాళ్లు చేసిన ఏర్పాటులో స్త్రీలు మళ్లీ పైనుంచి కిందికి చూస్తున్నారు, కింద పెద్దలు ఆడుతున్నారు.